పగడాలను కోసే చేతులకూ రక్షణ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియంలో పగడపు జీవులను ముక్కలుగా కోసి పెంచుకునే పద్ధతిని వివరిస్తూ మీ పత్రిక అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. సముద్రం నుంచి కొత్త పగడాలను పెకలించి తేవలసిన అవసరం దీనివల్ల తగ్గుతుందని అందులో చెప్పిన మాట నిజమే. రాతి పగడాలన్నీ, అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరి, వాటి అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు అవసరమైన ఈ రోజుల్లో, ట్యాంకులోనే పెరిగిన ముక్కను తోటివారితో పంచుకోవడం మెచ్చదగిన పని. అయితే గులాబీ కొమ్మను తుంచి నాటినంత తేలికన్న ధోరణిలో సాగిన ఆ వ్యాసం, కోయబోయేది ఏ జాతి పగడమో తెలుసుకోమని చెప్పకుండానే పాఠకుడి చేతికి కత్తెర అందించింది. నా అభ్యంతరం అక్కడే.

రంగురంగుల గుండ్రని పాలిప్‌లతో (గుత్తిలోని ఒక్కో చిన్న జీవి ఒక పాలిప్) రాతిని కప్పేసే జోయాంథస్, పాలిథోవా జాతులు త్వరగా పెరుగుతాయి, సులభంగా దొరుకుతాయి, అందువల్ల కొత్తవారు మొదట కోసేది తరచు వాటినే. 1971లో హవాయికి చెందిన పాలిథోవా నుంచే మూర్, ష్యూయర్ అనే శాస్త్రవేత్తలు పాలిటాక్సిన్‌ను వేరుచేశారు. ప్రొటీన్లు కాని సహజ విషాల్లో అతి తీవ్రమైన వాటిలో ఇది ఒకటి. కణపు పొరలో సోడియాన్ని బయటికీ పొటాషియాన్ని లోపలికీ చేరవేసే పంపును పట్టుకొని, దాన్ని అయాన్లు (విద్యుదావేశమున్న ఆ కణాలు) అటూ ఇటూ యథేచ్ఛగా పారే తెరిచిన దారిగా మార్చేస్తుంది కనుక, కండరాల నుంచి గుండె వరకూ దేన్నైనా దెబ్బతీయగలదు. దీనికి విరుగుడు లేదు, వైద్యులు చేయగలిగింది లక్షణాలకు చికిత్స మాత్రమే. చూడటానికి ఒకేలా ఉండే రెండు గుత్తుల్లో ఒకదానిలో ఈ విషం మెండుగా ఉండి, రెండోదానిలో బొత్తిగా లేకపోవచ్చు. అందుకే ‘ఏళ్లుగా వట్టి చేతులతో కోస్తున్నాం, మాకేం కాలేదు’ అని అనుభవజ్ఞులు చెప్పే మాటను ధైర్యంగా తీసుకోకూడదు.

ఈ పనిలో విషం లోపలికి చేరే ముఖ్యమైన దారులు మూడు: చర్మం మీది గాయం, కోసేటప్పుడు కంట్లోకి చిమ్మే రసం, ఊపిరి. వీటిలో మూడోదాన్ని చాలామంది ఊహించరు. అవాంఛితంగా పాకిన పాలిథోవాను వదిలించుకోవడానికి లైవ్ రాక్‌ను, అంటే జీవులు అల్లుకున్న అక్వేరియం రాతిని, మరిగించినప్పుడు, లేదా వేడినీళ్లు పోసి బ్రష్‌తో గీకినప్పుడు, ఆవిరితోనూ తుంపరలతోనూ విషం గాలిలో కలిసి, పక్క గదుల్లోని వారూ పెంపుడు జంతువులూ కూడా అస్వస్థతకు గురైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నోట్లో లోహం నాకినట్టు చేదు, చలిజ్వరం, దగ్గు, ఆయాసం, ఒళ్లునొప్పులు కనిపిస్తే సాధారణ ఫ్లూ అనుకొని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి, పగడాలను కోసిన సంగతి అడగకపోయినా వైద్యుడికి చెప్పాలి. కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీటితో కడుగుతూనే వైద్య సహాయం కోరాలి, ఆలస్యమైతే కార్నియా దెబ్బతినే ప్రమాదం ఉంది.

నైట్రైల్ చేతి తొడుగులు, పక్కల నుంచీ మూసుకునే కళ్లద్దాలు, గాలి ఆడే చోటు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. పాలిప్‌ను కోయడం కంటే అది పట్టుకున్న రాతినే, పాలిప్‌ల మధ్య ఖాళీ చూసి, బోన్ కట్టర్‌తో (ఎముకలు కోసే గట్టి కత్తెరతో) విరవడం మేలు. ఈ పని ట్యాంకులో కాకుండా విడి పళ్లెంలో చేయాలి, ఆ నీటిని తిరిగి ట్యాంకులో పోయకూడదు. ఆ నీటినీ పనిముట్లనూ ఇళ్లలో వాడే బ్లీచ్‌తో, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీరు మించకుండా, అరగంటైనా ఉంచి నిర్విషం చేశాకే పారబోయాలి, కడగాలి. ఆ బ్లీచ్‌లో ఆమ్లాలనూ అమోనియానూ కలపడం మరో ప్రమాదం. ముక్కలను అంటించే సయనోయాక్రిలేట్ జిగురు నూలు బట్ట తగిలితే చుర్రుమని కాలేంతగా వేడెక్కుతుంది కాబట్టి నూలు తొడుగులు ఇక్కడ పనికిరావు. విషం లేని జాతులను కోసేటప్పుడు కూడా తొడుగులు వదలకూడదు. అక్వేరియం నీటిలో ఉండే మైకోబాక్టీరియం మెరైనమ్ అనే బ్యాక్టీరియా చిన్న గీత గుండా చర్మంలో చేరి, వారాల తర్వాత మానని గడ్డలుగా బయటపడుతుంది.

పగడం క్షేమం గురించి ఆ వ్యాసంలో ఉన్నది చాలావరకు సరైనదే, రెండు సంగతులు మాత్రం చేర్చాలి. కొత్తగా తెచ్చిన గుత్తిని కొన్ని వారాలు కుదురుకోనివ్వకుండా కోయడం దానికి రెట్టింపు దెబ్బ. ఇక అయోడిన్ వంటి ద్రావణాల్లో ముంచితే అక్రోపోరా అనే కొమ్మల రాతి పగడాన్ని తినే చదును పురుగులు రాలిపోవచ్చు గాని వాటి గుడ్లు చావవు. అందువల్ల ముంచడం ఒక్కసారితో ముగించక, విడి ట్యాంకులో ఉంచి, గుడ్లు పొదిగే వ్యవధిని దాటించి, మళ్లీ మళ్లీ పరీక్షించాలి. ఒక్క ముంపుతోనే ‘శుభ్రం’ అని ధ్రువీకరించిన మీ వ్యాసకర్త సలహాను పాటిస్తే, ముక్కను అందుకున్న స్నేహితుడి ట్యాంకు కూడా పాడవుతుంది.

ఈ శీర్షిక తరువాయి భాగంలో జోయాంథస్, పాలిథోవా పేర్లను స్పష్టంగా అచ్చువేసి, పైన చెప్పిన జాగ్రత్తలను కోత విధానానికి ముందుగానే, విడి చట్రంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇప్పటికే వ్యాసం చదివి పని మొదలుపెట్టిన వారి కోసం, అప్పటిదాకా ఆగకుండా, ఈ వారమే ఒక చిన్న సవరణ వేస్తే మరీ మంచిది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు