రెండో తాళం

నల్లగొండ,
ఆదివారం పొద్దుగాల

బిడ్డా,

మేం మంచిగనే ఉన్నం. మీ అమ్మ మోకాలు ఎప్పటి లెక్కనే. బత్తాయి తోటకు పానగల్ బావ వచ్చి నీళ్ళు పెట్టి పోయిండు. ఇప్పుడు రాసుడు ఎందుకంటే ఆ లాప్‌టాప్ సంగతి చెప్పాలె. ఫోన్ల చెప్దామంటే నీకు మీటింగులు. నీ గొంతు విని 19 రోజులాయె. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మొకటి వస్తది. సరే, పనుంటది.

సంక్రాంతి ఎల్లినంక ఒకనాడు అప్‌డేట్ అవుతుంటె కరెంట్ పోయింది. బ్యాటరీ ఆగుతలేదు, కొత్తది ఏపిస్త నాయినా అని నువ్వు దసరాకే అన్నవు, నేనే వద్దన్న. మళ్ళ ఆన్ చేస్తె నల్ల తెర, తెల్లక్షరాలు. క్లాక్ టవర్ కాడ ఒక దుకాణానికి తీస్కపోతె ఆ పిలగాడు మూత కూడ సరిగ తెరవకుండనే "ఫార్మాట్ కొడ్త సార్, ఐదు నూర్లు" అన్నడు. అండ్ల 'ఇల్లు' అని మా బిడ్డ పేరు పెట్టి తాళమేసిన పార్టిషన్ (డిస్కుల ఒక ముక్క) ఉన్నది, మా అమ్మ బతుకమ్మ పాటలున్నయి, తోట కాగితాలున్నయి అంటే, "తాళమేసినయి ఇగ రావు సార్" అన్నడు. ఎందుకు రావని అడిగిన. ముప్పై ఏండ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పినోన్ని, కారణం చెప్తె ఇంటగదా. వాడు ఇంకో గిరాకి దిక్కు తిరిగిండు. సంచిల ఏస్కోని ఇంటికొచ్చిన.

అన్నట్టు, మిల్లు మామ పెద్దకొడుకు మొన్న మిర్యాలగూడ పెండ్లిల కలిసిండు. వాడు కూడ బెంగళూర్లనే కద. సరే, అది మళ్ళ చెప్త.

నువ్విచ్చి పోయిన పెన్‌డ్రైవ్‌తోని ఉబుంటు, అదే విండోస్ లెక్క లాప్‌టాప్ నడిపే సిస్టమ్, నేనే మళ్ళ ఎక్కిచ్చిన. డిస్కంతా తుడిచేస్తనని అది ముందుగాల అదే చూపెడ్తది. మీ అమ్మ చాయ్ గిలాస పట్టుకోని ఎన్కనే నిలవడ్డది, "అత్తమ్మ పాటలు పోయినయనుకో, ఇగ నీకు చాయ్ లేదు" అనుకుంట. నేను ఆ దారి పోలేదు. పాత సిస్టమ్ ఉన్న ముక్కనొక్కదాన్నే ఫార్మాట్ పెట్టి, 'ఇల్లు' దిక్కు మౌస్ కూడ పోనియ్యలేదు.

ఎక్కింది. ఇగ తాళం తీద్దామని డైరీ ఆఖరి పేజీల నువ్వు రాసిన పాస్‌వర్డ్ కొట్టిన. తప్పంటది. మళ్ళ కొట్టిన. తప్పు. ఏటీఎం కార్డు లెక్క మూడు సార్లకు బందైతదేమోనని గుండె దడదడ. కాదు, ఎన్నిసార్లన్న కొట్టనిస్తది, గని కొట్టినప్పుడల్ల రెండు మూడు సెకండ్లు ఆగుతది. దొంగ లక్ష పాస్‌వర్డులు గబగబ కొట్టి చూడకుండ కావాలనే నిదానంగ చేసిన్రట. నాకు మెచ్చింది. ఆ తెలివి మన బ్యాంకోళ్ళకు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనే ఏదన్న చెరిపిన్నా అని. చదువంగ తెలిసిందేందంటే, డిస్కుకు తాళమేసేది మన పాస్‌వర్డ్ కాదు, ఏరే పెద్ద కీ. ఆ కీని మన పాస్‌వర్డ్‌తోని చుట్టి పార్టిషన్ మొదట్ల హెడర్‌ల దాస్తది. ఆ హెడర్ మీద ఏదన్న రాయబడ్డదా, పాస్‌వర్డ్ కరెక్టే అయినా లోపలిది మట్టే. తెల్లారి ఈ తాళాల సంగతి చూసే క్రిప్ట్‌సెటప్‌ల, హెడర్‌ల ఏమున్నదో చూపెట్టే లక్స్‌డంప్ కమాండ్ కొట్టి చూసిన. హెడర్ ఉన్నది, తాళం లక్స్ 2 రకం, సున్నా నంబర్ స్లాట్‌ల, అంటే ఒక్కో పాస్‌వర్డ్‌కు ఉండే గూట్ల, ఒక్క కీ. పానం లేచొచ్చింది. ఇంకేం ముట్టకముందే ఆ హెడర్‌ను పెన్‌డ్రైవ్‌ల కాపీ తీస్కున్న, 16 ఎంబీ. పట్టా పాస్‌బుక్కుల కింద బీరువల పెట్టిన. నువ్వు ఈ కాపీ నాకెందుకు చెప్పలేదే? చెప్పాల్సినయి చెప్పకపోవుడు నీకు మొదటి సంది అలవాటే. పదో తరగతిల చెయ్యి ఇరిగితే నాలుగు రోజులు చున్నీ కింద దాసినవు.

హెడర్ మంచిగున్నది, పాస్‌వర్డ్ మంచిగున్నది, మరి తాళం ఎందుకొస్తలేదు? కొట్టేటప్పుడు చుక్కలే కనవడ్తయి గద. ఊరికే కాగితం లాంటి ఎడిటర్ తెరిచి అండ్ల కొట్టి చూసిన. ఎట్ ద రేట్ గుర్తు కొడితే కొటేషన్ గుర్తు పడుతున్నది! కొత్తగ ఎక్కిచ్చేటప్పుడు కీబోర్డ్ ఏ దేశందని అడిగితే, మనకు ఇంగ్లీషు నేర్పింది వాళ్ళేనాయె అని బ్రిటన్‌ది పెట్టిన. వాళ్ళ దాంట్ల ఆ రెండు గుర్తులు తారుమారు. అమెరికాది పెట్టిన, కొట్టిన, తెరుచుకున్నది. రాత్రి పదకొండు గొట్టంగ మీ అమ్మను లేపిన. తిట్టింది, గని లేచింది.

అంతటితోని అయిపోలె. ఆన్ చెయ్యంగనే దానంతటదే అడగాలని ఆన్ అయ్యేటప్పుడు ఏ తాళం తియ్యాల్నో రాసే క్రిప్ట్‌ట్యాబ్ అనే ఫైల్ల రాసిన. ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్ అని కూసున్నది. నాదే తప్పు. తాళమేసిన పెట్టెకు ఒక యూయూఐడీ, అంటే గుర్తు నంబరు, పెట్టె తెరిచినంక లోపలి ఫైల్‌సిస్టమ్‌కు ఇంకొకటి ఉంటది. క్రిప్ట్‌ట్యాబ్‌కు పైది కావాలె, నేను లోపలిది రాసిన. తాళంచెవి పెట్టెల పెట్టి పెట్టెకు తాళమేసినట్టు. పెన్‌డ్రైవ్‌తోని పోయి మార్చిన, ఏ డిస్కులు ఎక్కాల్నో రాసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ల 'దొరకకున్నా ఆగకు' అనే నోఫెయిల్ కూడ చేర్చిన, మళ్ళ గట్ల మొరాయించకుండ.

మిల్లు మామ కొడుకేమన్నడంటే, మీ ఆఫీసుల శానామందిని తీసేసిన్రట. నువ్వు రూమ్ కూడ ఖాళీ చేసినవట. నేను నమ్మలేదు, నమ్మకుండా ఉండలేదు. ఛాయా సోమేశ్వర గుళ్ళ నీడ పొద్దంత కనవడ్తనే ఉంటది, ఏ కంబానిదో తేలదు, నీ సంగతి నాకట్లనే ఉన్నది. అందుకే ఇది పోస్టుల ఎయ్యకుండ మెయిల్‌ల పంపుతున్న. సకినాల డబ్బ మూత తియ్యకుండ అట్లనే ఉన్నది, ఏ అడ్రస్‌కు పార్సల్ చెయ్యాల్నని మీ అమ్మ అడుగుతున్నది. నేనేం చెప్పాలె?

నాకు డీఎస్సీల రాకముందు రెండేండ్లు మిల్లుల బస్తాల లెక్క రాసిన. ఎవలకు చెప్పుకోలే, మీ తాత ఊర్ల "కొడుకు చదువుతుండు" అని చెప్పుకునేటోడు. అది మంచి పద్ధతి కాదని ఇప్పుడనిపిస్తది. పీఎఫ్ పైసలు తియ్యకు. క్రెడిట్ కార్డు మీద కిరాయి కట్టకు, ఆ వడ్డీ మన కాళ్ళు ఇరగ్గొడ్తది. పొద్దుగాల ఏదన్న తిను, ఉత్త చాయ్ కాదు. లెక్చర్ ఇయ్యొద్దని మొదలువెట్టిన, అలవాటు పోతలేదు.

ఇంకొక్కటి. లక్స్ 2ల 32 స్లాట్ల దాంక ఉంటయట. ఒక్కదాన్నే నమ్ముకునుడెందుకని రెండో స్లాట్‌ల ఇంకో పాస్‌వర్డ్ చేర్చిన, గుర్తులు గిర్తులు లేకుంట. డైరీల రాయలే. నీ చిన్నప్పుడు బర్రెదూడకు నువ్వు పెట్టిన పేరు, తర్వాత అది సచ్చిపోయిన ఏడాది. మీ అమ్మకు పేరు యాదికున్నది, ఏడాది లేదు. నీకుంటది.

నాయినమ్మ పాటలు మొత్తం పదకొండున్నయి. ఆరో దాంట్ల మధ్యన నిన్ను పిలుస్తది, "ఏ పిల్లా, ఇటు రా" అని. స్పీకర్ల సౌండ్ శాన తక్కువొస్తున్నది, నాకు తెలిసినకాడికి చూసిన. వచ్చినప్పుడు నువ్వు చూడు. బస్సైతే నార్కట్‌పల్లిల దిగు, ఎంత రాత్రైనా పానగల్ బావ బండి తెస్తనన్నడు.

మీ నాయిన