శనివారం అరకు: ఎలా వెళ్తున్నాం, ఎలా వస్తున్నాం

అందరికీ నమస్తే. వెళ్ళేది కిరండూల్ ప్యాసింజర్‌లో. పొద్దున్న 6.15కల్లా విశాఖ స్టేషన్‌లో ఉండండి, 7 లోపే బండి కదిలిపోతుంది. అద్దాల బోగీ ఎప్పుడో నిండిపోయింది. స్లీపర్‌లో కిటికీ తెరుచుకుంటుంది, నన్నడిగితే అదే నయం. శివలింగపురం దాటాక సొరంగాలే సొరంగాలు; పిల్లల తలలు, చేతులు లోపలే ఉంచాలి. బొర్రా గుహలు స్టేషన్‌లో దిగిపోవాలి, అరకు దాకా కూర్చోవద్దు. మన రెండు వ్యాన్లూ అక్కడికే వస్తాయి.

తిరుగు ప్రయాణం రోడ్డు మీదే. సాయంత్రం రైలును నమ్ముకోలేం, గూడ్సు బళ్ళకి దారిస్తూ ఆలస్యమవుతుంది. అరకులో 3.30కి బయల్దేరాలి: చీకటి పడితే అనంతగిరి ఘాట్‌లో మంచుకి మలుపు కనబడదు.

వాంతులయ్యేవాళ్ళు మాత్ర అరగంట ముందే వేసుకుని ముందు సీట్లో కూర్చోండి. సొంత కార్లవాళ్ళు ఎస్.కోటలోనే పెట్రోలు కొట్టించుకోండి, దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో రండి, బ్రేకే తొక్కుతూ ఉంటే వేడెక్కి పట్టదు.

కొండమీద సిగ్నల్ ఉండదు, టికెట్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎవరు రైలు, ఎవరు కారు? గురువారం రాత్రికి ఇక్కడే చెప్పండి. బొంగులో చికెన్ లెక్క కూడా అప్పుడే!