పదేళ్ల జైలు కాదు, రెండేళ్లు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ విదేశీ పేజీలో అమెరికాలోని జార్జియా రాష్ట్ర కోర్టు తీర్పుకు ‘పదేళ్ల జైలు’ అని బెత్తెడు అక్షరాలతో శీర్షిక పెట్టారు. వార్త చివరి లైనులో చూస్తే ‘రెండేళ్లు జైలు, తర్వాత ప్రొబేషన్’! శీర్షిక పెట్టినవారు వార్త చదివే పెట్టారా? ఆ రాష్ట్రంలోనే అట్లాంటాలో కొడుకున్న మా వీధి పెద్దాయన ఆ పేపరు పట్టుకుని పొద్దున్నే మా అరుగెక్కారు. ‘ఆ కేసుకి పదేళ్లేస్తారాండీ అక్కడ?’ అని ఒకటే టెన్షన్.

కోర్టులో 30 ఏళ్లు బెంచి క్లర్కుగా చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. దాన్ని స్ప్లిట్ సెంటెన్స్ అంటారు. పదేళ్ల శిక్షలో రెండేళ్లు లోపల, ఎనిమిదేళ్లు బయట ప్రొబేషన్ మీద, అంటే ఆఫీసరు నిఘాలో షరతులతో. జార్జియాలో ఇది మామూలే. బయట అంటే బలాదూరు తిరగడం కాదు. ఆఫీసరు ముందు హాజరు, నెలనెలా ఫీజు, మత్తు పరీక్షలు, రాష్ట్రం దాటాలంటే అనుమతి. షరతు తప్పితే మళ్లీ జడ్జి ముందుకే. తప్పును బట్టి మిగిలిన ఏళ్లు కూడా లోపలే గడపాల్సి రావచ్చు. అందుకని ‘రెండేళ్లకే వదిలేశారు’ అన్నా తప్పే. దీన్ని పరోల్‌తో కలపకండి. అక్కడ పరోల్ అంటే శిక్ష మధ్యలో పరోల్ బోర్డు ముందే విడుదల చేయడం, ప్రొబేషన్ తీర్పు రోజే జడ్జి రాసేది.

మనకూ 1958 నుంచి ప్రొబేషన్ చట్టం ఉంది. నాలుగో సెక్షన్ కింద శిక్ష వేయకుండా బాండు మీద మూడేళ్ల వరకు వదలొచ్చు. అంటే జైలుకు బదులే తప్ప జైలుతో కలిపి కాదు. అదైనా సక్రమంగా నడిచిందా? నా టేబుల్ మీదకు వచ్చిన ప్రొబేషన్ ఆఫీసర్ల నివేదికలన్నీ ఒకటే పాట: ‘విచారించగా సత్ప్రవర్తన గలవాడని తెలిసినది’. పేరు మార్చడం, సంతకం పెట్టడం. ఒకసారి మార్చాల్సింది పూర్తిగా మార్చక, గేదెల దొంగతనం ముద్దాయిని స్కూలు టీచరని రాసి పంపారు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి నా వంక చూశారు, నేనేదో రాసినట్టు!

ఇప్పుడు 2024 జులై నుంచి కొత్త న్యాయ సంహితలో సమాజ సేవ అని ఇంకో శిక్ష చేర్చారు. చీపురిచ్చి నిలబెట్టాక ఊడ్చాడో లేదో చూసేదెవరు? ఆ సత్ప్రవర్తన ఆఫీసర్లేనా?

సవరణ వేస్తే మాత్రం ఏడో పేజీ మూలన చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, అదే విదేశీ పేజీలో అదే సైజులో వేయండి. పెద్దాయనకు చూపించాలి. నేను చెబితే నమ్మడం లేదు, పేపర్లో పడిందిగా అంటున్నారు.

– ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగి, తెనాలి