ఒహాయి సంగతులు

శీనూ,

హవాయిలో ఏం చూశావురా అని అడిగావు కదా. బీచ్‌ల సంగతి వదిలెయ్, ఒహాయి అనే మొక్క గురించి చెప్తాను, నువ్వు వినాల్సిందే. మీరు నాట్లకి ముందు చల్లి కలియదున్నేసే జీలుగ ఉందే, దానికి ఇది దగ్గర చుట్టం. రెండూ సెస్బేనియా అనే తెగవే, మన అవిసె చెట్టూ అంతే. ఒహాయి మాత్రం ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. 1994లో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న మొక్కల్లో చేర్చింది.

నేను చూసింది ఓహు దీవి పడమటి కొసన, కయేనా పాయింట్‌లో. రోడ్డు అయిపోయాక చాలా దూరం ఎండలో నడవాలి. చనిపోయినవాళ్ల ఆత్మలు అక్కడి నుంచే పరలోకానికి దూకుతాయని హవాయి వాళ్ల నమ్మకం. అక్కడ ఒహాయి జీలుగలా నిటారుగా ఉండదురా, కొమ్మలు చాపుకుని నేలబారుగా పాకుతుంది. ఆకుల నిండా వెండి రంగు నూగు. ఆ ఉప్పుగాలికి, ఎండకి తట్టుకోవడానికి అది సాయపడుతుంది. పువ్వులు నారింజ, ఎరుపు కలిసిన రంగు. చూస్తూ అలా నిలబడిపోయాను.

ఇంత మొండి మొక్కకి ఇన్ని కష్టాలేమిటా అని బాధేసింది. ఒకప్పుడు జీపులు ఆ ఇసుక దిబ్బల మీద ఇష్టమొచ్చినట్టు తిరిగేవి. 1983లో రక్షిత ప్రాంతం చేశాక వాటి జోరు తగ్గింది. కానీ ఎలుకల్ని బోర్డు పెట్టి ఆపలేం కదా! అవి గింజలు తినేస్తాయి. గింజే మిగలకపోతే కొత్త మొక్క ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే 2011లో సముద్రం నుంచి సముద్రం దాకా, ఆ కొసకి అడ్డంగా కంచె కట్టారు. చిట్టెలుక కూడా దూరలేనంత సన్నటి జాలీ, రెండు మీటర్ల ఎత్తు. తర్వాత లోపలున్న ఎలుకల్ని, ముంగిసల్ని ఏరేశారు. అక్కడ నేల మీద గూళ్లు పెట్టే ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షులకీ అదే రక్ష. హవాయిలో డబ్బు పెట్టిన మంచి పనుల్లో ఇదొకటని నా గట్టి నమ్మకం.

అయితే కంచెతో అంతా తీరిపోదు. నిహోవా అని మనుషులే లేని చిన్న దీవి ఉంది. అక్కడ ఎలుకలు లేవు, ఒహాయి బాగానే ఉండేది. 2004లో బయటి నుంచి చేరిన మిడతలు విపరీతంగా పెరిగి దీవిలో పచ్చదనాన్ని చాలావరకు మేసేశాయి. అక్కడ కంచె ఏం చేస్తుంది చెప్పు?

తేనెటీగల సంగతి ఇంకా టెన్షన్ పెడుతుంది. ఒహాయి పువ్వుల మీద వాలే వాటిలో పసుపు మొహం తేనెటీగలుంటాయి. చాలా చిన్నవి, పట్టులు పెట్టవు, ఒంటరిగా బతుకుతాయి. 2016లో వాటిలో ఏడు జాతుల్ని కూడా ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చారు. అమెరికాలో ఆ జాబితాకెక్కిన మొదటి తేనెటీగలు అవే. బయటి నుంచి వచ్చిన చీమలు వాటి గూళ్ల మీద పడుతున్నాయి. చీమని ఆపే జాలీ లేదుగా! మొక్కని కాపాడాలంటే దాని పుప్పొడి మోసే తేనెటీగనీ కాపాడాలి. అందుకే అక్కడ పనిచేసే వాళ్లంటే నాకు అంత గౌరవం.

ఈసారి జీలుగ దున్నే ముందు, పూతకి రాగానే పువ్వుని దగ్గరగా ఫోటో తీసి పంపు. ఒహాయి ఫోటోలు నేను పంపుతాను, రెండూ పక్కపక్కన పెట్టి పోలికలు చూద్దాం. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
గోపి