వందేళ్ల మసక సంగతి ఇంకా తేలలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం టాబీ నక్షత్రం (ఉన్నట్టుండి వెలుగు తగ్గి మళ్లీ మామూలయ్యే నక్షత్రం) మీద వేసిన వ్యాసంలో, దాని వెలుగుకి గ్రహాంతరవాసులు కట్టినదేదో అడ్డొస్తోందన్నట్టు హెడ్డింగ్‌లోనే వాళ్లని దింపేశారు. వెలుగు తగ్గడం నిజమే, 2011 మార్చిలో 15 శాతం, 2013 ఫిబ్రవరిలో 22 శాతం దాకా పడిపోయి కొన్ని రోజుల్లో మళ్లీ మామూలైపోయిందని నాసా వాళ్ల కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ చూపించింది. గురుడంత గ్రహం సూర్యుడికి అడ్డొచ్చినా తగ్గేది ఒక్క శాతమే కాబట్టి అందరూ బుర్ర గోక్కున్నారు. దీన్ని ముందు పట్టుకున్నది ప్లానెట్ హంటర్స్ అనే వెబ్‌సైట్‌లో (కెప్లర్ లెక్కల్లో గ్రహాల్ని వెతికిపెట్టమని జనాన్నే అడిగేది) చేరి ఇంట్లో కూర్చుని గ్రాఫులు చూసిన మామూలు జనం. ఆ ముక్క మీరు రాయనే లేదు.

సరే, నా గొడవ అది కాదు. "వందేళ్లుగా మసకబారుతోంది" అని తేల్చిపారేశారే, దాని గురించి. 2016లో బ్రాడ్లీ షేఫర్ అనే శాస్త్రవేత్త హార్వర్డ్‌లోని పాత గాజు ఫొటో ప్లేట్లు పరిశీలించి, 1890 నుంచి 1989 లోపు ఆ నక్షత్రం దాదాపు 14 శాతం తగ్గిందన్నారు. మాది నాన్న హయాం నుంచి ఫొటో స్టూడియో, అందుకే చదవగానే నాకు అనుమానం వచ్చింది. ప్లేటు మీద నక్షత్రమంటే నల్ల చుక్క, వెలుగు ఎక్కువైతే చుక్క పెద్దదవుతుంది, కానీ లెన్సు మారినా, ప్లేటు మీద పూసే ఎమల్షన్ (వెలుగు తగిలితే మారే రసాయనం) మారినా కూడా చుక్క మారిపోతుంది కదా. నాన్న పెట్టెలో ఒకే పెళ్లి ఫొటోలు రెండు రకాల ఫిల్ము మీద తీసినవి ఉన్నాయి. ఒకదాంట్లో పెళ్లికూతురి కుంకుమ లేత బూడిద రంగు, రెండోదాంట్లో కాటుకంత నలుపు. బొట్టు అదే, ఫిల్ము వేరు. మైకేల్ హిప్కే అనే ఆయనా, ఇంకొందరూ దాదాపు ఇదే అన్నారు, ప్లేట్లు తీసిన పరికరాలు మారడం వల్ల అలా కనబడుతుండొచ్చని. షేఫర్ ఒప్పుకోలేదు.

అలాగని మసకబారడమే అబద్ధం అనడానికీ లేదు. కెప్లర్ నాలుగేళ్ల బొమ్మల్లోనే మొత్తం మీద 3 శాతం దాకా తగ్గింది, అది డిజిటల్ కెమెరా కాబట్టి అక్కడ ఎమల్షన్ పేచీ లేదు. తర్వాత 1,700 మందికి పైగా జనం చందాలేసుకుంటే ఈ నక్షత్రం మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త టబెతా బోయాజియన్ బృందం ఆ డబ్బుతో టెలిస్కోప్ సమయం కొని కాపు కాసింది. 2017 మేలో వెలుగు మళ్లీ పడింది, అప్పుడు ఎర్ర వెలుగు కన్నా నీలం ఎక్కువ తగ్గింది. గోడలాంటి గట్టి వస్తువు అడ్డొస్తే అన్ని రంగులూ ఒకేలా తగ్గాలి. నీలాన్ని ఎక్కువగా ఆపేది సన్నటి దుమ్మే, కాబట్టి అది దుమ్ము. ఆ దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న, నన్నడిగితే హెడ్డింగ్ దాని మీద పెట్టాల్సింది.

ఇంకొక్క మాట. మన హైదరాబాద్ నిజామియా వేధశాల కూడా అప్పట్లో అంతర్జాతీయ ఆకాశపటం కోసం ఇలాగే గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీసింది. ఈసారి దాని మీద రాయండి. ప్లేటు బొమ్మ వేస్తే మాత్రం నెగెటివ్‌గానే వేయండి, తెల్లటి ఆకాశం, నల్ల చుక్కలు. అందంగా ఉంటుందని నలుపుని తెలుపు, తెలుపుని నలుపు చేసి వేయకండి.

ఇట్లు,
ఒక స్టూడియో యజమాని, తెనాలి