ప్రసాదం పాడైందంటే అపచారమా?

సంపాదకులకు నమస్కారం.

ఆషాఢ పౌర్ణమి దగ్గరపడుతోంది. సింహాచలం కొండ, మన సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ దారిలో, అడవివరం నుంచి హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, మాధవధార మీదుగా గోపాలపట్నం దాకా, మజ్జిగకీ పులిహోరకీ భజన మండళ్ల చందాలు మొదలయ్యాయి. ఈ రోజుల్లోనే ఇంకో మాట కూడా వినబడుతుంది. రసీదు గురించో వంట గురించో ఎవరైనా నోరు తెరిస్తే పెద్దలు ‘తృణాదపి సునీచేన’ అంటారు. గడ్డిపరక కన్నా తగ్గి ఉండు నాయనా, అని. అక్కడితో సరి.

ఆ శ్లోకం బెంగాల్ వైష్ణవ గురువు చైతన్య మహాప్రభువుది. దక్షిణ యాత్రలో ఆయన మన నృసింహస్వామిని దర్శించుకునే గోదావరి గట్టుకు వెళ్లారని ఆయన చరిత్ర చెబుతుంది. ఆ శ్లోకం మూడో పాదంలో ‘అమానినా’ అనీ ఉంది, తనకు మర్యాద కోరనివాడు. ‘మానదేన’ అనీ ఉంది, ఎదుటివాడికి మర్యాద ఇచ్చేవాడు. హరినామం చేసేవాడు తనకు తాను పెట్టుకోవలసిన షరతులివి. కార్యదర్శి వాలంటీరుకు పెట్టేవి కావు. మొదటి పాదం దగ్గరే ఆగిపోయినవాళ్లకు మూడో పాదం ఎవరు గుర్తుచేస్తారు?

పులిహోర సంగతే చూడండి. తెల్లారి 4 గంటలకు 25 కిలోల బస్తా ఒకేసారి వండేసి, పొగలు పోకముందే ప్లాస్టిక్ టబ్బులకెత్తి మూత పెడతారు. ఆవిరి మూతకు పట్టి, చుక్కలై మళ్లీ అన్నంలోకే దిగుతుంది. పైపొర చల్లారినా టబ్బు నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. ఆ వెచ్చదనంలో పెరిగి విషం వదులుతాయి. అన్నం మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. చింతపండు పులుపు పులిహోరను కొంత కాపాడుతుంది గానీ కట్టెపొంగలికి ఆ కాపు లేదు. పైన గరిటె పెట్టి చూసే పెద్దమనిషికి ఏమీ తెలియదు. అడుగు దాకా వడ్డించే కుర్రాడి చేతికి జిగురు తగులుతుంది. వాడు చెబితే ‘ప్రసాదానికి వంక పెట్టకూడదు’. నివేదన అయింది పవిత్రమే, కానీ టబ్బు మూతకు కూడా ఆ పవిత్రత వచ్చేసిందా?

చెడిన అన్నం ఒక్కోసారి వాసన కూడా రాదు. అందుకే 5 కిలోల చొప్పున విడతలుగా వండి, వెడల్పు పళ్లాల్లో రెండంగుళాల మందానికి మించకుండా ఆరబెట్టి, పులుసు కలిపి, వండిన టైము గిన్నె మీద రాసి, రెండు గంటల్లో పంచెయ్యాలి. వండి నాలుగు గంటలు దాటితే పారబోయడమే.

ఆ కుర్రాడు చెప్పే తీరు కూడా ముఖ్యమే. ‘మీ వంట ఎప్పుడూ ఇంతే’ అంటే పోట్లాట. ‘బాబాయి గారూ, మూడో టబ్బు 4కి వండింది, ఇప్పుడు 11 అయింది, అడుగున జిగురొచ్చింది, ఆపుదామా?’ అంటే పని జరుగుతుంది. అందులో ఎవరి పేరూ లేదు.

డబ్బు దగ్గర మొహమాటం ఇంకా ఎక్కువ. రామదాసు చెరసాలలో ఉండి రాముడికే నగలవారీగా లెక్క చదివాడు, ఏ పతకం ఎవరికి చేయించాడో, ఎంతయిందో. ఆయన్ని పొగరుబోతని ఎవరూ అనలేదు. ఎన్ని రసీదు పుస్తకాలు అచ్చయ్యాయి, ఏ నంబర్లు ఎవరికిచ్చారు, ఎన్ని తిరిగొచ్చాయి అని కోశాధికారిని అడగడం మాత్రం అపచారమట! తిరిగిరాని పుస్తకం దగ్గరే చిల్లు. చేతికొచ్చిన పుస్తకాల లెక్క పైసాతో సహా కలుస్తుంది మరి. హుండీకి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. లెక్కపెట్టేటప్పుడు కమిటీలో లేని మనిషి ఒకరు, నోట్లవారీ చీటీ మీద అందరి సంతకాలు, మర్నాడు బ్యాంకు. రూ. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు ఎలాగూ రాదు గనక పెద్ద మొత్తాలు నేరుగా మండలి ఖాతాకే వెళ్లాలి. బ్యానర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కార్యదర్శి సొంత పేరు వస్తే అడగాల్సిందే, ఎంత భక్తుడైనా.

అడగడం మొదట విడిగా, నోటితో. వారంలో జవాబు లేకపోతే తేదీ వేసి కాగితం మీద, నకలుపై ‘అందింది’ అని సంతకం తీసుకుని. ఆపైన జనరల్ బాడీ. అక్కడ మినిట్స్ పుస్తకంలోకి ఎక్కకపోతే అడిగినట్టే కాదు. వాట్సాప్ గ్రూపులో మొదలుపెడితే మాత్రం చెడుతుంది. రెండొందల మంది ముందు పరువు పోయినవాడు లెక్క చూపించడు, అడిగినవాణ్ణి గ్రూపులోంచి తీసేస్తాడు. 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదైన మండలి అయితే సభ్యుల్లో మూడో వంతు మంది అర్జీ పెట్టినా రిజిస్ట్రార్ విచారణ జరపొచ్చు. 1987 దేవాదాయ చట్టం కిందున్న గుడి అయితే దేవాదాయ శాఖకే రాయాలి.

పిల్లల మీద లైంగిక వేధింపుల విషయంలో ఈ మెట్లేవీ లేవు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కో అత్యవసర నంబరు 112కో ఫోన్, ఆ తర్వాతే కమిటీ.

ఈసారి గిరిప్రదక్షిణకు ప్రతి పందిట్లో మజ్జిగ డ్రమ్ము పక్కన వంద పేజీల పుస్తకం ఒకటి, దారంతో కట్టిన పెన్నుతో, పెట్టమని మీ పత్రిక ద్వారా మండళ్లకు మా విన్నపం. టైము, గిన్నె నంబరు, కనబడింది, చేసింది రాస్తే చాలు, రాసినవారి పేరు అక్కర్లేదు. పౌర్ణమి వెళ్లిన మర్నాడు కమిటీ దాన్ని అందరి ముందూ చదవాలి.

– భజన మండళ్లలో వంట, లెక్కలు చూసే కొందరు సేవకులు, విశాఖపట్నం