రెండో సూది ఎప్పుడొస్తుంది సార్? – ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

కడుపు రాకుండా సర్కారు దవాఖానాల్లో ఇచ్చే అంతర సూదులు, ఛాయా గోలీలు సరిగ్గా అందడం లేదని ప్రజావాణిలో అర్జీలు ఇచ్చినం, రశీదులు తీసుకున్నం. ఇప్పటిదాకా జవాబు లేదు. అందుకే నేరుగా మీకే రాస్తున్నం.

సార్, అంతర మొదటి సూది ఎట్లనో ఒకట్ల దొరుకుతుంది. గోస అంతా రెండో సూదితోనే. కార్డు మీద మూడు నెలల తర్వాతి తారీఖు రాసిస్తారు. ఆ తారీఖుకు రెండు వారాలు ముందైనా, నాలుగు వారాలు వెనకైనా వేయొచ్చు. అది కూడా దాటితే గర్భం లేదని తేల్చుకున్నాకే వేయాలి, ఆపై ఏడు రోజులు నిరోధ్ వాడమనాలి. ములుగు ఏజెన్సీ గూడెం నుంచి కూలి పోగొట్టుకుని, ఆటో కిరాయి పెట్టుకుని వచ్చిన అమ్మాయికి "స్టాకు రాలేదు, వచ్చే వారం రా" అంటారు. వచ్చే వారం పత్తి ఏరుడు ఉంటుంది. ఆ పై వారం సిస్టర్ మీటింగుకు పోయి ఉంటుంది. నాలుగు వారాలు ఇట్లనే అయిపోతయి. ఇరవై ఏళ్ల పిల్ల, చంకలో పాలు తాగే బిడ్డ, మళ్లీ కడుపు.

సూది వేసినా చెప్పాల్సింది చెప్పరు. వేసిన చోట రుద్దితే మందు తొందరగా కరిగి, మూడు నెలలు పనిచేయాల్సింది ముందే తగ్గిపోతుంది. కానీ సూది తీయంగనే పక్కనున్న అత్త చేయి అక్కడికే పోతుంది, రుద్దుతుంది. ఆపేవాళ్లు ఉండరు. నెలసరి తప్పడం, మధ్యమధ్య మరకలు కనబడడం మామూలేనని ముందే చెప్పకపోతే, చెడు రక్తం కడుపులో పేరుకుంటుందని ఇంట్లో భయపెడతారు. మానేశాక మళ్లీ కడుపు నిలవడానికి చివరి సూది నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. ఆ ఒక్క మాట చెప్పకపోతే గొడ్రాలిని చేసిండ్రని ఊరంతా పుకారు పుడుతుంది. ఆ తర్వాత ఆ ఊళ్లో సూదికి ఎవరొస్తారు?

ఛాయా సంగతీ అంతే. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పట్టీలో ఎనిమిది గోలీలు. ఒక్క పట్టీ ఇచ్చి పంపితే నాలుగు వారాలకే అయిపోతుంది. మొదటి మూడు నెలలకే మూడు పట్టీల పైన కావాలి. ఛాయా లేదని, రోజూ వేసుకునే హార్మోన్ గోలీలు మాలా-ఎన్ చేతిలో పెడతారు. పాలిచ్చే తల్లికి ఆరు నెలలు నిండేదాకా అది ఇవ్వకూడదు కదా సార్!

మిగిలింది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 62 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద 38. కానీ 22 ఏళ్లు నిండనిదే ఆ ఆపరేషన్ చేయొద్దని నిబంధన. మరి పంతొమ్మిదేళ్లకు పెళ్లయి, ఇరవైకి తల్లయిన పిల్ల ఆ రెండేళ్లు ఏం చేయాలి?

హనుమకొండ హాస్టళ్లలో చదివే పిల్లలది ఇంకో బాధ. కలిసిన తర్వాత కడుపు రాకుండా 72 గంటల లోపు వేసుకోవాల్సిన గోలి అడిగితే "పెళ్లయిందా, మీ ఆయన ఏడి" అని నలుగురిలో అడుగుతారు. ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేసే గోలి అది. ఆ సిగ్గుతో ఒక పూట వెనక్కి పోతే నష్టమే. 2021లో గర్భస్రావ చట్టంలోనే "భర్త" అన్న మాట తీసి "భాగస్వామి" అని రాసిండ్రు. చట్టం అడగని ప్రశ్న కౌంటర్ దగ్గర ఎందుకు సార్?

దండం పెట్టి అడుగుతున్నం. మొదటి సూది వేసిన రోజే రెండోది ఆ అమ్మాయి పేరు మీద పక్కన పెట్టించండి. ఛాయా మూడు నెలలకు సరిపడా ఒకేసారి ఇప్పించండి. సబ్‌సెంటర్ దాకా స్టాకు పంపండి. ఈ నెల తారీఖు పడ్డవాళ్లు కార్డులు పట్టుకుని ఇప్పటికే తిరుగుతున్నరు.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెల్లో పనిచేసే మహిళా ఆరోగ్య కార్యకర్తలు